మోటరు మారిస్తే చాలనుకున్నా

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఇదేం గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం కాదు లెండి. మా టీములో తొమ్మిదిమంది ఉంటే నలుగురం మెకానికల్, ఇద్దరు సివిల్, ఒకమ్మాయి బయోటెక్నాలజీ. అందరం కలిసి జావా రాస్తాం. 2019లో డిగ్రీ పట్టా, ఆఫరు లెటరు రెండూ ఒకే ఏడు చేతికొచ్చాయి. ఆ తర్వాత రెండేళ్ళపాటు నేను ఒక్క నట్టు బిగించి ఎరగను. ఆఫీసు కుర్చీ చక్రం ఊడితే తిరగేసి చూడకుండా ఫెసిలిటీస్ వాళ్ళకి టికెట్ పెట్టే రకాన్ని.

2021లో, కరోనా రెండో వేవ్ రోజుల్లో, పొద్దస్తమానం ఇంట్లోనే కూర్చుని పిచ్చెక్కి ఒక సీఎన్‌సీ రూటరు కొన్నాను. రూటరంటే వై-ఫై డబ్బా కాదండోయ్! చెక్కను చెక్కే మిషన్. ఒక మోటరుకి కత్తి బిగించి ఉంటుంది, దాన్ని స్పిండిల్ అంటారు. కంప్యూటరు చెప్పినట్టల్లా అది ముందుకీ వెనక్కీ, పక్కకీ, పైకీ కిందకీ కదులుతూ చెక్క మీద బొమ్మ కోస్తుంది. నేను కొన్నదాన్ని 3018 అంటారు. 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు చెక్కను కొయ్యగలదని ఆ పేరు. ముక్కలు ముక్కలుగా ఒక అట్టపెట్టెలో వస్తుంది, మనమే బిగించుకోవాలి. నాకు రెండు రాత్రులు పట్టింది. ఒక మిల్లీమీటరు ఎం.డీ.ఎఫ్. మీద నా పేరు కోసి ఆఫీసు గ్రూపులో ఫోటో పెడితే అరవై లైకులొచ్చాయి. నాలుగేళ్ళు రాసిన కోడుకి ఎప్పుడైనా అన్ని వచ్చాయా?

ఆ మిషన్ మెదడు గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను, మనవాళ్ళకి నచ్చుతుంది. దాని పేరు జీఆర్‌బీఎల్. 2009లో సిమెన్ స్వేల్ స్కోగ్‌స్రూడ్ అనే నార్వే ఆయన మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. ఆర్డ్వినో ఊనోలో ఉండే 8 బిట్ చిప్పు మీద నడుస్తుంది. ప్రోగ్రాముకి 32 కిలోబైట్లు, పనిచేసే మెమరీ 2 కిలోబైట్లు. మెగా కాదు, కిలో! అంతలోనే జీ-కోడ్ చదివి, రాబోయే 16 కదలికల దాకా ముందుచూపు చూసి, ఎక్కడ వేగం తగ్గించాలో ఎక్కడ పెంచాలో లెక్కవేసి, మూడు మోటర్లను ఒకేసారి నడుపుతుంది. మా ప్రాజెక్టులో లాగిన్ పేజీ ఒక్కదానికే ఇంతకు లక్షల రెట్లు మెమరీ కావాలి. ఆ సోర్సు చదివిన వారం నాకు ఆఫీసు కోడు ముట్టుకోబుద్ధి కాలేదు.

సరే, అసలు విషయానికొస్తా.

మా తాతయ్య కట్టించిన ఇంటిని 2018లో రోడ్డు వెడల్పు చేస్తూ పడగొట్టారు. ఆ ఇంట్లోంచి నాన్న తెచ్చుకున్నది ఒకే ఒక్క వస్తువు, వీధి తలుపు రెక్క. పాత టేకు. హైదరాబాదు తెచ్చి అపార్టుమెంటులో మంచం కింద దాచాడు. అందులో పగుళ్ళు లేకుండా, పురుగు పట్టకుండా ఉన్న పలకలు రెండు. అమ్మకేమో దేవుడి గూటికి తలుపులు లేవని ఎప్పటినుంచో కొరత. నా మిషన్ చూసి, "ఒరే, ఆ పలకల మీద శంఖం ఒకదానికి, చక్రం ఒకదానికి చెక్కి రెండు రెక్కలు చెయ్యరాదూ?" అంది. నాన్న ఒక క్షణం ఆలోచించి, తనే మంచం కిందకి దూరి తలుపు బయటికి లాగాడు. తనే రంపంతో పలకలు విడదీసి, కొలిచి, ఇసక కాగితం రుద్ది ఇచ్చాడు.

చక్రం ముందు మొదలుపెట్టాను. రెండు పళ్ళున్న 3.175 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్, ఒకటిన్నర మిల్లీమీటరు లోతు, నిమిషానికి 600 మిల్లీమీటర్ల వేగం. ఎం.డీ.ఎఫ్.కి ఇవే సెట్టింగులు, దీనికీ అవే. ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత మోటరు మూలగడం మొదలుపెట్టింది. నేను లేచి మిషన్ దగ్గరికి వెళ్ళేలోపే కత్తి చెక్కలో ఇరుక్కుని కీచుమంది, మళ్ళీ విడిపించుకుని ఏమీ జరగనట్టు పని చేసుకుంటూ పోయింది. నేనూ ఏమీ కాలేదనుకున్నా! పది నిమిషాల తర్వాత రంపపుపొట్టు ఊది చూస్తే, చక్రంలో సగం ఒక చోట, మిగతా సగం నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఇంకో చోట. మధ్యలో పలకకి అడ్డంగా ఒక గాడి.

ఎందుకలా అయిందో సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఇది యూడీపీ లాంటిది. మిషన్‌ని జరిపే స్టెప్పర్ మోటర్లకి చిప్పు "వంద అడుగులు వెయ్యి" అని చెప్తుంది, వేశాయో లేదో తిరిగి అడగదు. కత్తి ఇరుక్కున్నప్పుడు మోటరు కొన్ని అడుగులు వెయ్యలేకపోయింది. చిప్పు లెక్కలో మాత్రం అన్నీ వేసినట్టే. అక్కడినుంచి దాని లెక్క దానిదే, చెక్క లెక్క చెక్కదే.

నాన్న వచ్చి పలక చేతిలోకి తీసుకున్నాడు. పొట్టు అరచేత్తో తుడిచాడు. తిట్టలేదు. "ఇంకోటి ఉందిగా. దాని జోలికి మటుకు తొందరపడి వెళ్ళకు" అన్నాడు. అంతే. తిట్టినా బావుండేది.

ఆ రాత్రే కూర్చుని నా బుద్ధికొద్దీ విశ్లేషించాను. దోషి స్పిండిలే, ఇంకెవరు? ఈ మిషన్లతో వచ్చేది 775 అనే చిన్న డీసీ మోటరు. నా మిషన్‌తో వచ్చిన పవర్ సప్లై 24 వోల్టులు, 5 ఆంపియర్లు. అంటే మొత్తం 120 వాట్లు. మూడు స్టెప్పర్లు తినగా మిగిలిందే స్పిండిల్‌కి. మన మిక్సీకి 500 నుంచి 750 వాట్లుంటాయి. కొబ్బరి ముక్కలకే అంత కావాలంటే టేకుకి ఇదేం చాలుతుంది?

లెక్క కూడా వేశా. నిమిషానికి 10,000 చుట్లు, రెండు పళ్ళు, 600 మిల్లీమీటర్ల వేగం అంటే ఒక్కో పన్ను ఒక్కో చుట్టుకి 0.03 మిల్లీమీటరు చెక్క కొరుకుతుంది. బరువు పడి మోటరు వేగం 5,000కి పడిపోయిందనుకోండి, టేబులు వేగం తగ్గదు కాబట్టి ఒక్కో పన్ను 0.06 కొరకాలి. రెట్టింపు కొరికితే ఇంకా బరువు, ఇంకా వేగం తగ్గుదల, ఇంకా పెద్ద కొరుకుడు. ఒకసారి మొదలయ్యాక ఆగేది ఇరుక్కున్నాకే. మోటరు మూలుగుడుకీ కీచుమనడానికీ మధ్య నాకు రెండు సెకన్లే ఎందుకు దొరికాయో అర్థమైంది. పైగా టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, కత్తి పదును తొందరగా తినేస్తుంది. కాబట్టి పెద్ద స్పిండిల్ కొనాలి. తీర్పు వెలువడింది.

బజారులో ఉన్నవి చూశా. ఒకటి, చైనా వాళ్ళ 500 వాట్ల గాలి చల్లదనపు డీసీ స్పిండిల్, 12,000 చుట్లు. రెండు, వడ్రంగులు చేత్తో పట్టుకుని వాడే ట్రిమ్మరు. మకీటా వాళ్ళ ఆర్‌టీ 0700 అయితే 710 వాట్లు, 10,000 నుంచి 30,000 చుట్లు. చవకా, బలమూ ఉన్నదే, కానీ చప్పుడుకి కింది ఫ్లోరు వాళ్ళు పైకొచ్చి కొడతారు. మూడు, నీళ్ళతో చల్లబరిచే ఒకటిన్నర కిలోవాట్ల స్పిండిల్. దీనికి వీఎఫ్‌డీ అనే డ్రైవు కావాలి, 400 హెర్ట్జ్ దగ్గర 24,000 చుట్లు. ఇది ఎవరైనా కొంటుంటే ఒక్క జాగ్రత్త: డ్రైవులో బేస్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌గా ఉంటే 400కి మార్చకుండా స్విచ్ వెయ్యకండి. 400 దగ్గర అందాల్సిన వోల్టేజీ అంతా 50 దగ్గరే అందుతుంది, వైండింగు కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. పైగా అది చాలా బరువుంటుంది.

మొదటిది తెప్పించా. స్పిండిలు, దాని పవర్ సప్లై, బిగింపు క్లాంపు అన్నీ కలిపి తొమ్మిది వేల చిల్లర. మిషన్ మొత్తం కొన్నది పదహారు వేలకి! ఏమాటకామాటే చెప్పుకోవాలి, చేతిలోకి తీసుకుంటే గొప్పగా ఉంది. నున్నటి స్టీలు, లోపల మంచి బేరింగులు, కత్తిని పట్టుకునే కాలెట్ షాఫ్టులో భాగంగానే ఉంటుంది. పాతదానికి కాలెట్ హోల్డరుని మోటరు షాఫ్టుకి తొడిగి పక్కనుంచి చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది, అందుకే కత్తి వంకరగా తిరుగుతుంది. వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే పాత మోటరు అర కిలో లోపు, కొత్తది క్లాంపుతో రెండు కిలోల పైమాటే.

బిగించి, పనికిరాని మామిడి చెక్క పెట్టి, స్విచ్ వేశా.

పాతదానికంటే దరిద్రంగా కోసింది.

మోటరు ఆగలేదు, అది నిజం. ఆగకుండా, అలసిపోకుండా, గడగడలాడుతూ కోసింది. అంచులన్నీ రంపపు పళ్ళలాగా వచ్చాయి. గుండ్రంగా రావాల్సింది కోడిగుడ్డులాగా వచ్చింది. పని అయ్యాక ఇంకో వింత. స్పిండిల్ దానంతటదే మెల్లిగా కిందకి జారి చెక్కలోకి దిగబడింది. దెయ్యం పట్టిందేమో అనుకున్నా. కారణం చాలా సింపులు. పని లేనప్పుడు స్టెప్పర్లకి కరెంటు ఆపేయమని జీఆర్‌బీఎల్‌లో డిఫాల్టు సెట్టింగు, $1=25. పాత మోటరు తేలిక కాబట్టి ఆపినా నిలబడింది, ఇది రెండు కిలోలు కాబట్టి మర మీద జారింది. $1=255 అని పెడితే ఎప్పుడూ కరెంటు ఇచ్చి పట్టుకునే ఉంటుంది. జారుడు తగ్గింది, గడగడ తగ్గలేదు.

క్లాంపు సరిగ్గా కూర్చోలేదేమో, గట్టి అల్యూమినియం దిమ్మలో చేయిస్తే పోతుందేమో అనుకుని మిషన్‌ని కారు వెనక సీట్లో పెట్టుకుని బాలానగర్ వెళ్ళా. అక్కడ సందుల్లో చిన్న చిన్న లేత్ షాపులు బోలెడు. నాకు దొరికిన ఆయన్ని చుట్టుపక్కల అందరూ ఉస్తాద్ అంటున్నారు, నేనూ అదే అన్నా. అరవై దాటి ఉంటాయి. మిషన్ బల్ల మీద పెట్టగానే కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏంది సార్ గిది, పోరగాండ్లు ఆడుకునే బొమ్మనా?" అన్నాడు.

నేను వాట్లు, చుట్లు, కాలెట్టు అన్నీ వివరించా. మొత్తం విన్నాడు. సొరుగులోంచి డయల్ గేజి తీసి, స్టాండుతో మిషన్ బెడ్డుకి తగిలించి, దాని ముల్లు స్పిండిల్ కొసకి ఆనించాడు. బొటనవేలితో స్పిండిల్‌ని మెల్లిగా నెట్టాడు. ముల్లు సున్నా నుంచి కదిలి 0.4 మిల్లీమీటరు దగ్గర ఆగింది.

"ఏలుతో అంటేనే గింత పోతున్నది. మోటరు మార్చి ఏం జేస్తరు సార్? గట్టి మోటరు పెడితే గట్టిగ ఊగుతది."

నేనేం మాట్లాడలేదు.

"మీరు ఇంజనీరా సార్?"

"సాఫ్ట్‌వేర్ ఉస్తాద్."

"సదివింది?"

"మెకానికల్."

ఆయన వేస్టు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, వెటకారం ఏమాత్రం లేకుండా, "మరి మీకు ఎర్కనే ఉండాలె గద సార్" అన్నాడు.

తెలియడమేమిటి, పరీక్షలో రాశాను కూడా. రెండో సంవత్సరం స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, పది మార్కుల ప్రశ్న: రెండు కొసలా ఆనిన కడ్డీ మధ్యలో బరువు వేస్తే ఎంత వంగుతుంది? పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, గుండ్రటి కడ్డీ అయితే మందం నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. ఆ డెరివేషను మొత్తం కంఠతా వచ్చు. నా మిషన్‌లో స్పిండిల్ వేలాడేది రెండు 10 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీల మీద, మధ్యలో ఏ ఆనుదలా లేకుండా దాదాపు 36 సెంటీమీటర్లు. ఇంటికొచ్చి లెక్కేస్తే, రెండు కిలోల బరువుకి కడ్డీలు మధ్యలో దాదాపు 0.1 మిల్లీమీటరు వంగుతాయి. అంటే నేను కొన్న స్పిండిల్ ఏ పనీ చెయ్యకుండా ఊరికే వేలాడితేనే అంత. కొరకాల్సిందేమో 0.03! కడ్డీల మెలి, ప్లాస్టిక్ బ్రాకెట్ల ఊగుడు, నట్లలో వదులు దీనికి అదనం. కడ్డీ మందం రెట్టింపు చేస్తే వంపు పదహారో వంతుకి తగ్గుతుందని నేను 2016లోనే ఉత్తర పత్రంలో రాసి మార్కులు తెచ్చుకున్నా. 2021లో తొమ్మిది వేలు పెట్టి మూలిగే నక్క మీద తాటికాయ పడేశా.

ఇక్కడ కొంచెం కడుపుమంట వెళ్ళగక్కుతాను, ఓపిక లేనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. మా కాలేజీ పేరు అనవసరం, మీ కాలేజీ కూడా ఇంతే అయ్యుంటుంది. మొదటి సంవత్సరం వర్క్‌షాపులో నాకిచ్చిన చెక్క ముక్కకి హాఫ్ ల్యాప్ జాయింటు చెయ్యమంటే, ల్యాబ్ అసిస్టెంటు తనే చేసి ఇచ్చాడు, మా బ్యాచ్ మొత్తానికీ అదే ముక్క మూల్యాంకనానికి తిరిగింది. సీఎన్‌సీ ల్యాబులో ఒక మంచి మిషన్ ఉండేది. దానికి ప్లాస్టిక్ కవరు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చిన రోజు కవరు తీశారు, వెళ్ళగానే వేశారు. మేం మాత్రం జీ-కోడ్‌లు రికార్డులో నీలం సిరాతో రాశాం. ఆ కడ్డీ ప్రశ్న ఇచ్చిన లెక్చరరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తరగతి గదిలో ఒక ఇనుప కడ్డీ రెండు బెంచీల మీద పెట్టి మధ్యలో బొటనవేలితో నొక్కి ఉంటే ఉస్తాద్ ముందు నా మొహం అలా ఉండేది కాదు. అయినా మొత్తం వాళ్ళ మీద తోసెయ్యడం కూడా అన్యాయమే. ఆ మిషన్ కవరు తియ్యమని నాలుగేళ్ళలో నేను అడిగానా? ప్లేస్‌మెంటు ఆప్టిట్యూడ్ పుస్తకంలో తల దూర్చి కూర్చున్నా.

తర్వాత నాలుగు నెలల కథ గబగబా చెప్పేస్తా. రాణీగంజ్ తిరిగి 15 మిల్లీమీటర్ల లీనియర్ రైళ్ళు, వాటి మీద జారే బేరింగు బ్లాకులు కొన్నా. కడ్డీలు తీసేసి 20×40 అల్యూమినియం ప్రొఫైలుకి ఆ రైళ్ళు పొడవునా బిగించా. ఇప్పుడు గాల్లో వేలాడేదేమీ లేదు. పక్క ప్లాస్టిక్ బ్రాకెట్ల బదులు ఉస్తాద్ 12 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకలు మిల్లింగు చేసిచ్చాడు. నేను ఇచ్చిన డ్రాయింగులో రంధ్రాలకి టాలరెన్సు రాయలేదని మొదటిసారి వెనక్కి పంపాడు, అది వేరే సంగతి. ఇత్తడి నట్ల బదులు మధ్యలో స్ప్రింగు ఉండే రెండు ముక్కల నట్లు వేస్తే, దిశ మారినప్పుడు వచ్చే వదులు 0.18 నుంచి 0.03కి దిగింది. కర్ణాలు రెండూ కొలిచి చట్రం మూలమట్టానికి తెచ్చా. స్పిండిల్‌కి వంచిన తీగ ఒకటి బిగించి చేత్తో చుట్టూ తిప్పుతూ, బెడ్డుకి నాలుగు వైపులా ఒకేలా తగిలేదాకా క్లాంపు కింద పల్చటి రేకు ముక్కలు పెట్టా. చివర్న బెడ్డు మీద ఒక ఎం.డీ.ఎఫ్. పలక వేసి దాన్ని మిషన్‌తోనే చదును చేయించా.

అంతా అయ్యాక ఒక పని చేశా, దీనికి మాత్రం నన్ను నేను మెచ్చుకుంటున్నా. కొత్త స్పిండిల్ పక్కన పెట్టి పాత 775 మోటరే మళ్ళీ బిగించా. మన డీబగ్గింగు సూత్రమే కదా, ఒకసారికి ఒకటే మార్చాలి. నేను తప్పు వరసలో మార్చాను కాబట్టి వెనక్కి వెళ్ళి చూడాలి. తలుపు చట్రంలోంచి మిగిలిన టేకు ముక్క పెట్టి, లోతు 0.4కి తగ్గించి నడిపితే, ఆ 120 వాట్ల బొమ్మ మోటరు నింపాదిగా, ఎక్కడా ఆగకుండా కోసేసింది! గోడలు కొంచెం గరుకుగా ఉన్నాయి. డయల్ పెట్టి చూస్తే కత్తి తిరగడంలో 0.12 మిల్లీమీటరు వంకర. పన్ను కొరకాల్సిన దానికి అది నాలుగు రెట్లు కాబట్టి రెండు పళ్ళలో ఒక్కటే పని చేస్తోంది, రెండోది ఊరికే తిరుగుతోంది. (మీ టీములో ఎవరైనా గుర్తొచ్చారా? :) ) కొత్త స్పిండిల్ వంకర 0.02. అది పెట్టి కోస్తే గోడలు అద్దంలా వచ్చాయి. అంటే తొమ్మిది వేలూ దండగ కాలేదు, కానీ అవి ఆఖరున పెట్టాల్సిన తొమ్మిది వేలు. చట్రం, నట్లు, కొలతలు, ఆ తర్వాత స్పిండిల్. మనలో చాలామంది, నేనైతే తప్పకుండా, ముందు స్పిండిలే కొంటాం. ఎందుకంటే దాని పెట్టె మీద 500 అని రాసి ఉంటుంది. గట్టిదనానికి పెట్టె మీద అంకె ఉండదు.

ఇక భయపెట్టిన సంగతి. ఒకరోజు చెమట చేత్తో స్పిండిల్ ముట్టుకుంటే జివ్వుమంది. చిన్నదే, చీమ కుట్టినట్టు. ఊరుకోబోయి, మల్టీమీటరు తీశా. ప్లగ్గులో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఉంది, బానే ఉంది. ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. నా మీటరు ఒకసారి 60, ఒకసారి 75 చూపించింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి స్విచ్‌బోర్డు విప్పిస్తే, ఎర్తు పిన్ను నుంచి వచ్చిన ఆకుపచ్చ తీగ వెనకాల దేనికీ తగలకుండా చుట్ట చుట్టి ఉంది. కట్టినవాళ్ళు మూడో పిన్ను అందానికి పెట్టారన్నమాట! ఇలాంటి పవర్ సప్లైల లోపల ఫిల్టరు కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే వాటి గుండా బయటి లోహపు డబ్బాకి సగం మెయిన్స్ వోల్టేజీ దాకా వస్తుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి జివ్వుమనడంతో పోయింది. కానీ లోపల ఏ తీగో ఊడి డబ్బాకి తగిలిన రోజున ఇదే ఎర్తు మనల్ని కాపాడాలి. ఆ బోర్డుకి రెండేళ్ళుగా అమ్మ గీజరు తగిలించి ఉంది. ఇల్లంతా వెతికితే ఇంకో రెండు ప్లగ్గులు కూడా అంతే. అన్నీ సరిచేయించా. మీరు చెక్క కొయ్యకపోయినా సరే, ఒక మల్టీమీటరు కొని మీ ఇంట్లో ఈ ఒక్క కొలత చూసుకోండి.

ఎర్తు కలిపాక, స్పిండిల్ బాడీకి దాన్నుంచి విడిగా తీగ లాగాక, ఇంకో రోగం కూడా కుదిరింది. అంతకుముందు స్పిండిల్ వేగం పెంచితే చాలు, యూఎస్‌బీ తెగిపోయి పని మధ్యలో ఆగేది. బ్రష్షుల దగ్గర వచ్చే నిప్పురవ్వల గోల తీగల్లోకి దూరేది. నేనేమో వారం రోజులు డ్రైవరు వెర్షన్లు మారుస్తూ కూర్చున్నా. సుత్తి చేతిలో ఉన్నవాడికి అన్నీ మేకుల్లాగే కనపడతాయంటారే, నాకు అన్నీ డ్రైవర్ల సమస్యల్లాగే కనపడతాయి.

రెండో పలక పెట్టే రోజు వచ్చింది. ఒక్కటే మిగిలింది కాబట్టి రెండు రెక్కల ముచ్చట పోయింది. ఒకే రెక్క, దాని మీద శంఖం, నామం, చక్రం, కింద అమ్మ కోరిక మీద "శ్రీనివాసా" అని తెలుగులో. నేను వాడే జీ-కోడ్ సాఫ్ట్‌వేరు తెలుగు అక్షరాలని ముక్కలు చేసి, శ్రీని మూడు చోట్ల పడేసింది. ఇంక్‌స్కేప్‌లో రాసి, అక్షరాలని గీతలుగా మార్చి పంపితే సరిగ్గా వచ్చింది. అక్కడే ఒకటి గమనించా. గుండ్రంగా తిరిగే కత్తి లోపలి మూలల్ని ఎప్పుడూ పదునుగా కొయ్యలేదు, ఎంతో కొంత గుండ్రం చేస్తుంది. ఇంగ్లీషులో ఈ, ఎఫ్ లాంటి అక్షరాలకి ఆ మూలలు చెడతాయి. మన అక్షరాలకి ఆ బాధే లేదు, అసలు మూలలుంటేగా! తాటాకు మీద గంటంతో రాసిన లిపి రూటరుకి కూడా ఇంతలా నప్పుతుందని ఎవరనుకున్నారు?

అదే సైజు వేప చెక్క మీద ముందు మొత్తం కోసి చూశా. కత్తి కొత్తది మార్చా. టేకు పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి మాస్కు, వాక్యూము. లోతు 0.5, వేగం 700. నాన్న కుర్చీ తెచ్చుకుని బాల్కనీ గుమ్మంలో కూర్చున్నాడు. ఎమర్జెన్సీ స్టాపు బటన్ ఏదని అడిగి తెలుసుకుని, దాని మీద చెయ్యి వేసి ఉంచాడు. మూడు గంటల నలభై నిమిషాలు. మధ్యలో కాఫీ కూడా ఎడమ చేత్తోనే తాగాడు.

ఒక చోట, శంఖం తోక దగ్గర, నార లేచి గోరంత పెచ్చు ఊడింది. మిగతాదంతా అనుకున్నట్టే వచ్చింది. నాన్న పొట్టు అరచేత్తో తుడిచి, వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, ఆ పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి, "ఇది తలుపు గొళ్ళెం ఒరుసుకున్న పక్క. అక్కడ చెక్క అప్పటికే దెబ్బతిని ఉంది, నీ తప్పు కాదు" అన్నాడు. కావచ్చు, కాకపోవచ్చు. నేను వాదించలేదు.

పాడైపోయిన మొదటి పలక పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడది ఆవకాయ జాడీ మీద మూత. సగం చక్రం ఇటు, సగం అటు.

ఆ ఫోటోలు తీసుకెళ్ళి ఉస్తాద్‌కి చూపించా. కళ్ళజోడు పైకెత్తి ఫోనుని మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. పెచ్చు ఊడింది వెంటనే పట్టుకున్నాడు. తర్వాత తన షాపు పైన తుప్పు పట్టిన రేకు బోర్డు చూపించి, చెక్క మీద తెలుగులో కొత్త బోర్డు కోసిస్తావా అని అడిగాడు, డబ్బులు తీసుకోవాల్సిందే అని షరతు. 30 సెంటీమీటర్లలో ఇమడదు, మూడు ముక్కలుగా కోసి అతకాలి. పేరు, లేత్ వర్క్స్, కింద సెల్ నంబరు. నంబరు కాగితం మీద రాసిచ్చి, ఒకటికి రెండుసార్లు చదివించుకుని, "నంబరు తప్పుగొట్టకుండ్రి సార్, గది చెరిపేద్దామంటే పోదు" అన్నాడు.